డబ్బింగు ధారావాహికల ఆదరణ – తెర మీది తెలుగు: అనంతపురం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఒక భాషలో, ఒక దేశంలో తయారైన టెలివిజన్ ధారావాహిక వేరొక భాషా సమాజంలో ఆదరణ పొందడం ప్రపంచమంతటా కనిపించే పరిణామం. మెక్సికో ధారావాహికలను ఫిలిప్పీన్స్ ప్రేక్షకులు ఆదరించిన తీరు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. తెలుగునాట హిందీ, తమిళ ధారావాహికల డబ్బింగు రూపాలకు లభించిన ఆదరణ దీనికి సమాంతరమైనది. ఈ ఆదరణకు గల కారణాలను, అనువాదంలో ఎదురయ్యే బంధుత్వ పదాల సమస్యను, మాండలికానికి తెర మీద దక్కని స్థానాన్ని అనంతపురం ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ధారావాహిక, డబ్బింగు, టెలినోవెలా, సాంస్కృతిక సామీప్యం, బంధుత్వ పదాలు, రాయలసీమ మాండలికం, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య పరిశోధనలో నవలకు, కథకు, నాటకానికి, సినిమాకు దక్కిన స్థానం టెలివిజన్ ధారావాహికకు దక్కలేదు. అది కాలక్షేపమనీ, స్త్రీలు మాత్రమే చూసేదనీ, సాగదీత తప్ప అందులో సారం లేదనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. డబ్బింగు ధారావాహిక విషయంలో ఈ చిన్నచూపు మరింత ఎక్కువ. అయితే లక్షలాది తెలుగు కుటుంబాలు ఏళ్ళ తరబడి ప్రతిదినం విన్న తెలుగు ఏది అని ప్రశ్నించుకుంటే, అందులో డబ్బింగు రచయితలు రాసిన తెలుగుకు గణనీయమైన వాటా ఉందని ఒప్పుకోవలసి వస్తుంది. భాషా పరిశోధకులు దీనిని ఉపేక్షించడం సరికాదు.

ఈ ప్రశ్నను అనంతపురం పీఠభూమి నుంచి చూడటంలో ఒక ప్రత్యేకత ఉంది. రెండు ఋతుపవనాలకూ దూరంగా, ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతంతో, వేరుశనగ పంట మీద ఆధారపడిన మెట్టప్రాంతం ఇది. పక్కనే కన్నడ సీమ. మడకశిర, హిందూపురం, రాయదుర్గం ప్రాంతాల్లో తెలుగు, కన్నడాలు రెండూ వినిపిస్తాయి. పనుల కోసం బెంగళూరుకు వలస పోవడం ఇక్కడి జీవితంలో భాగం. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా, భౌగోళికంగా, భాషాపరంగా ఇదంతా ఒకే సీమ. పరభాషా ధారావాహిక ఇలాంటి సీమకు చేరినప్పుడు అది ఎవరి తెలుగులో మాట్లాడింది అన్నది ఇక్కడ ప్రధాన ప్రశ్న.

2. మెక్సికో నుంచి మనీలా దాకా:

లాటిన్ అమెరికా దేశాలలో స్పానిష్, పోర్చుగీసు భాషల్లో రూపొందే ధారావాహికను టెలినోవెలా అంటారు. నిర్ణీత కాలంలో ముగింపుకు చేరే కథ కావడం దీని ప్రధాన లక్షణం. పేదింటి అమ్మాయి, సంపన్న కుటుంబం, అపనింద, ఎడబాటు, గుర్తింపు, పునస్సమాగమం అనే అంశాల చుట్టూ కథ నడుస్తుంది. మెక్సికోకు చెందిన టెలివీసా సంస్థ 1994లో నిర్మించిన 'మరిమార్' 1996లో ఫిలిప్పీన్స్‌లో ఆర్.పి.ఎన్. చానల్ ద్వారా ఫిలిపీనో భాషలోకి డబ్బింగై ప్రసారమైంది. కథానాయిక పాత్ర ధరించిన తాలియా అక్కడ ఎంతటి ఆదరణ పొందిందంటే, ఆమె 1996లో మనీలాను సందర్శించినప్పుడు జనం వెల్లువెత్తారు. మరుసటి ఏడాది టగలాగ్ పాటలతో కూడిన ఆల్బమ్‌ను కూడా ఆమె విడుదల చేసింది. ఆమె నటించిన ఇతర ధారావాహికలూ ఆ దేశంలో ప్రసారమయ్యాయి. 2007లో జి.ఎమ్.ఎ. సంస్థ మరియన్ రివేరా కథానాయికగా 'మరిమార్'ను స్థానిక నటులతో తిరిగి నిర్మించింది. దిగుమతి, డబ్బింగు, పునర్నిర్మాణం అనే మూడు దశలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ ఆదరణకు చారిత్రక కారణం ఉంది. 1565 నుంచి 1815 వరకు మనీలా, అకాపుల్కో రేవుల మధ్య స్పెయిన్ వాణిజ్య నౌకలు నడిచాయి. ఫిలిప్పీన్స్ దీవుల పాలన దీర్ఘకాలం మెక్సికో కేంద్రంగానే సాగింది. కథోలిక మతాచారాలు, పేర్లు, కుటుంబ మర్యాదలు, వందలాది స్పానిష్ మాటలు ఆ దీవులలో మిగిలాయి. అందువల్ల తెర మీది మెక్సికో వారికి పూర్తిగా పరాయిదిగా తోచలేదు. ప్రేక్షకులు తమ సంస్కృతికి దగ్గరగా ఉండే కార్యక్రమాల వైపు మొగ్గుతారన్న భావనను మాధ్యమ పరిశోధకుడు జోసెఫ్ స్ట్రాభార్ 'సాంస్కృతిక సామీప్యం' అనే పేరుతో 1991లో ప్రతిపాదించాడు. 'మరిమార్' ఆదరణను వివరించడానికి ఈ భావన బాగా ఉపకరిస్తుంది.

ఇందులో భాషకు సంబంధించిన అంశం మరొకటి ఉంది. అంతకుముందు ఫిలిప్పీన్స్‌లో విదేశీ కార్యక్రమాలు ఎక్కువగా ఆంగ్లంలో వచ్చేవి. 'మరిమార్' విజయం తరువాత పరదేశపు కథలను ఫిలిపీనోలోకి మార్చి ప్రసారం చేయడం ఊపందుకుంది. అంటే ఒక విదేశీ ధారావాహిక స్వదేశ భాషకు తెర మీద కొత్త చోటు కల్పించింది. అయితే ఆ భాషకు ఆధారం మనీలా ప్రాంతపు టగలాగ్. సెబువానో వంటి ఇతర భాషలు మాట్లాడే దీవులవారికి అది కూడా రాజధాని భాషే. ఈ రెండో అంశం తెలుగు సందర్భంలో మరింత ముఖ్యం.

3. మెక్సికో నుంచి ఢిల్లీ దాకా:

భారతీయ ధారావాహికకూ మెక్సికోకూ నేరుగా సంబంధం ఉంది. మెక్సికోలో మిగెల్ సబీదో 1975లో వయోజన అక్షరాస్యత కోసం, 1977లో కుటుంబ నియంత్రణ కోసం వినోదంతో కూడిన ధారావాహికలను రూపొందించాడు. 1982లో ఆ దేశాన్ని సందర్శించిన నాటి కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి వసంత్ సాఠే ఈ పద్ధతి పట్ల ఆకర్షితుడయ్యాడు. ఫలితంగా మనోహర్ శ్యామ్ జోషి రచనతో 'హమ్ లోగ్' 1984 జులై నుంచి 1985 డిసెంబరు వరకు దూరదర్శన్‌లో 156 భాగాలుగా ప్రసారమైంది. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ కనిపించి కథలోని నీతిని వ్యాఖ్యానించేవాడు. ఆరంభంలో ప్రచార ధోరణి మితిమీరడం ప్రేక్షకులకు రుచించకపోవడంతో కథనాన్ని కుటుంబ కథగా మార్చారు. ఈ ధారావాహికను అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ సమగ్రంగా అధ్యయనం చేశారు.

ఈ వారసత్వాన్ని గుర్తిస్తే తరువాతి ధారావాహికల నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. 2008 జులై నుంచి 2016 జులై వరకు కలర్స్ చానల్‌లో ప్రసారమైన 'బాలికా వధు'లో ప్రతి భాగం చివర ఒక సందేశ వాక్యం తెర మీద కనిపించేది. అశోక్ కుమార్ వ్యాఖ్యానానికి అది సంక్షిప్త రూపం. మెక్సికోలో మొదలైన పద్ధతి ఢిల్లీ, ముంబయి మీదుగా తెలుగు ఇళ్ళకు చేరిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

4. తెలుగు తెర మీద డబ్బింగు:

1995లో జెమిని, ఈటీవీ చానళ్ళు, 2002లో మాటీవీ, ఆ తరువాత జీ తెలుగు ప్రారంభమయ్యాక తెలుగులో దినసరి ధారావాహికలకు గిరాకీ పెరిగింది. మంజులా నాయుడు దర్శకత్వంలో వచ్చిన 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' వంటి తెలుగు ధారావాహికలు విశేషాదరణ పొందాయి. వాటి పక్కనే డబ్బింగు ధారావాహికలూ స్థిరపడ్డాయి. రాధిక నటించిన తమిళ 'చిత్తి' జెమినిలో 'పిన్ని'గా వచ్చింది. 'బాలికా వధు' మాటీవీలో 'చిన్నారి పెళ్లికూతురు' అయింది. 'పెళ్లంటే నూరేళ్ల పంట', 'కోడలా కోడలా కొడుకు పెళ్ళామా', 'ఈతరం ఇల్లాలు' మొదలైనవి హిందీ నుంచి వచ్చినవే. సామెతలను, పాట పల్లవులను, వాడుక పలుకుబళ్ళను శీర్షికలుగా ఎంచుకోవడం ద్వారా పరాయి కథను మొదట పేరుతోనే తెలుగు చేశారు.

'చిన్నారి పెళ్లికూతురు'లో ఆనంది పాత్ర ధరించిన అవికా గోర్‌ను 2013లో 'ఉయ్యాల జంపాల' చిత్రానికి కథానాయికగా తీసుకోవడం గమనార్హం. మనీలాలో తాలియాకు లభించిన ఆదరణకు ఇది తెలుగు సమాంతరం. ప్రేక్షకులు ఆమె ముఖాన్ని ఎరుగుదురు. ఆమె గొంతుగా వారు విన్నది మాత్రం పేరు తెలియని డబ్బింగు కళాకారిణిది.

వ్యాపార కారణం స్పష్టమైనదే. కొత్తగా నిర్మించడం కన్నా ఉన్నదానికి గొంతు మార్చడం చౌక. జాతీయ సంస్థల చేతిలో ప్రాంతీయ చానళ్ళు ఉన్నప్పుడు ఒక భాషలోని నిల్వను మరొక భాషకు తరలించడం మరింత తేలిక. 2015లో మాటీవీ స్టార్ సంస్థ చేతికి వెళ్ళడం ఈ క్రమంలోనిదే. అయితే చౌక కాబట్టి ప్రసారం చేశారని చెప్పగలమే గాని, చౌక కాబట్టి జనం చూశారని చెప్పలేం. ఆదరణకు వేరే కారణాలు వెతకాలి.

5. ఆదరణకు కారణాలు:

మొదటిది కథావస్తువు. 'చిన్నారి పెళ్లికూతురు' కథ రాజస్థాన్ పల్లెలో జరుగుతుంది. ఎండిన నేల, ఉమ్మడి కుటుంబం, పెద్దల మాట, చిన్న వయసులో ఆడపిల్ల పెళ్ళి – ఇవేవీ అనంతపురం ప్రేక్షకులకు కొత్తవి కావు. బాల్యవివాహం తెలుగు సాహిత్యానికీ పాత వస్తువే. గురజాడ 'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన 1892లో జరిగింది. 1929లో శారదా చట్టం, 2006లో బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకముందే పెళ్ళయింది. దేశ సగటు 23.3 శాతం మాత్రమే. అనంతపురం జిల్లాలో ఈ శాతం రాష్ట్ర సగటు కన్నా ఎక్కువ. కరువు, వలస ఉన్న చోట ఎదిగిన ఆడపిల్లను ఊళ్ళో వదిలి వెళ్ళలేక, వెంట తీసుకుపోలేక పెళ్ళి చేసి పంపడం తల్లిదండ్రులకు ఒక 'రక్షణ'గా కనిపిస్తుంది. ఈ పరిస్థితిలో ఆనంది కథ ఎక్కడో రాజస్థాన్‌లో జరిగేదిగా కాక, ఇరుగింట్లో జరిగేదిగా తోచడం సహజం. అయితే ధారావాహిక చూడటం వల్ల బాల్యవివాహాలు తగ్గాయని గాని, కథలోని నగలు, వేడుకల వల్ల అవి మరింత ఆకర్షణీయమయ్యాయని గాని తేల్చడానికి ఆదరణ ఒక్కటే ఆధారం కాజాలదు. ఆదరణ వేరు, ప్రభావం వేరు.

రెండవది భాషా నిర్మాణం. హిందీ, తెలుగు భాషలు వేర్వేరు కుటుంబాలకు చెందినా రెండింటిలోనూ క్రియ వాక్యాంతంలో వస్తుంది. సంస్కృత పదజాలం రెండింటికీ ఉమ్మడి. కనుక పాత్ర కోపంతో ముగించే చివరి మాట వద్దనే తెలుగు క్రియ కూడా పడుతుంది; పాత్ర ముఖకవళికతో మాట పొసగుతుంది. స్పానిష్ వాక్యాన్ని క్రియతో మొదలయ్యే టగలాగ్‌లోకి మార్చేవారికి ఈ సౌలభ్యం లేదు.

మూడవది కథన పద్ధతి. జరిగిన కథను ప్రతిదినం గుర్తుచేయడం, ఒకే సంఘటనను పలువురి ముఖాల మీదుగా చూపడం, మరునాటి మధ్యాహ్నం పునఃప్రసారం చేయడం – విమర్శకులు దీనిని సాగదీత అంటారు. కాని వేరుశనగ కోతల కాలంలో నాలుగు రోజులు తెర ముందు కూర్చోలేని స్త్రీకి ఐదో రోజు కథ అందేది ఈ పునరుక్తి వల్లనే.

6. బంధుత్వ పదాలు – అనువాద సమస్య:

కుటుంబ కథకు బంధుత్వ పదాలే పునాది. ఇక్కడే హిందీ, తెలుగు వ్యవస్థలు విడిపోతాయి. ఉత్తరాదిలో మేనమామ కొడుకు, మేనత్త కొడుకు, పినతండ్రి కొడుకు – అందరూ అన్నదమ్ముల వరుసే. తెలుగులో మేనమామ, మేనత్తల కొడుకు 'బావ'. పెదనాన్న, చిన్నాన్నల కొడుకు 'అన్న' లేదా 'తమ్ముడు'. మొదటివాడు పెళ్ళాడదగినవాడు, రెండవవాడు కాడు. హిందీ పాత్ర మేనత్త కొడుకును 'భయ్యా' అని పిలిస్తే, దానిని 'అన్నయ్యా' అని అనువదించినప్పుడు తెలుగు వరుస తప్పుతుంది. 'బావా' అని అనువదిస్తే మూలంలో లేని చనువు వచ్చి చేరుతుంది. ఏది ఎంచుకున్నా నష్టమే.

'అత్త' అనే మాటను చూస్తే సమస్య లోతు తెలుస్తుంది. హిందీలో భర్త తల్లికీ తండ్రి సోదరికీ వేర్వేరు పదాలున్నాయి. తెలుగులో రెండింటికీ 'అత్త' అనే మాటే. మేనరికం, అక్క కూతురిని పెళ్ళాడటం వాడుకలో ఉన్న రాయలసీమలో అత్తగారు పెళ్ళికి ముందే మేనత్త గానో, అమ్మమ్మ గానో ఎరిగిన మనిషి కావచ్చు. ఉత్తరాది అత్తాకోడళ్ళ కథకు మూలమైన సంఘర్షణ ముక్కూమొగమూ ఎరుగని ఇంట్లో అడుగుపెట్టిన కోడలిది. అదే కథ తెలుగులో 'అత్త' అన్న పదంతో వినిపించినప్పుడు పరాయి ఇంటి పోరు కాస్తా అయినవారి మధ్య పోరుగా మారుతుంది. మాట మార్చగానే కథ అర్థం కూడా కొంత మారుతుందని దీనివల్ల తెలుస్తుంది. అలాగే హిందీలోని 'ఆప్, తుమ్, తూ' అనే మూడంచెల మర్యాదను తెలుగు 'మీరు, నువ్వు' అనే రెండంచెల్లో ఇమడ్చవలసి వస్తుంది.

7. ఎవరి తెలుగు?

'బాలికా వధు' మూలంలో పాత్రలు మాట్లాడింది పాఠ్యపుస్తకాల హిందీ కాదు. రాజస్థానీ ఉచ్చారణ, ఆ ప్రాంతపు పిలుపులు కలిసిన హిందీ. బంధువాచకాల చివర గౌరవార్థకంగా 'సా' చేర్చడం అందులో ప్రసిద్ధం. అంటే మూలంలో ఒక ఎడారి సీమకు తనదైన పలుకు తెర మీద దక్కింది. తెలుగులోకి వచ్చేసరికి ఆ సీమ పలుకు స్థానంలో ఏ సీమకూ చెందని ప్రామాణిక తెలుగు వచ్చింది.

భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తిపదాల పరిశీలన ఆధారంగా తెలుగును నాలుగు మండలాలుగా విభజించారు. అనంతపురం దక్షిణ మండలంలోనిది. 'వచ్చాడు' బదులు 'వచ్చినాడు', 'వస్తున్నాడు' బదులు 'వస్తాండాడు', 'ఎక్కడ' బదులు 'యాడ', 'ఎందుకు' బదులు 'ఏంటికి' ఇక్కడి పలుకు. డబ్బింగులో పెదవుల కదలికకు మాట సరిపోవాలి కనుక మాండలికం కుదరదన్న వాదన నిలవదు. 'వచ్చాడు', 'వచ్చినాడు' అన్న రూపాల మధ్య తేడా ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరానికి చోటివ్వనిది పెదవుల కదలిక కాదు, ప్రమాణం గురించిన మన భావన.

ఇందుకు డబ్బింగును మాత్రమే నిందించడం న్యాయం కాదు. హైదరాబాదులో నిర్మితమయ్యే తెలుగు ధారావాహికలూ అదే ప్రమాణాన్ని పాటిస్తున్నాయి. సినిమాలో రాయలసీమ పలుకు వినిపించినా, 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) వంటి చిత్రాల తరువాత అది ఎక్కువగా కక్షల కథకే పరిమితమైంది. వంటింట్లో, పొలంలో, పెళ్ళిపందిట్లో మాట్లాడే సీమ తెలుగుకు తెర మీద చోటు లేదు. కథాసాహిత్యంలో ఈ లోటు లేదు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, 2019లో 'శప్తభూమి' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి మొదలైనవారు అనంతపురం జీవితాన్ని అక్షరబద్ధం చేశారు. అందువల్ల ఈ ప్రాంత ప్రేక్షకుల దృష్టిలో డబ్బింగు ధారావాహికకూ, నేరు తెలుగు ధారావాహికకూ భాషాపరమైన దూరం దాదాపు సమానం. డబ్బింగును 'పరాయిది' అని తిరస్కరించే వాదం ఇక్కడ ఎందుకు బలంగా తాకదో దీనివల్ల బోధపడుతుంది.

8. వ్యతిరేకత – చట్టం:

డబ్బింగు ధారావాహికల వల్ల తమ ఉపాధి దెబ్బతింటున్నదని తెలుగు టెలివిజన్ కళాకారులు, సాంకేతిక నిపుణులు హైదరాబాదులో ఆందోళనలు చేశారు. నటులు, రచయితలు, ఛాయాగ్రాహకులు, రోజుకూలీ మీద పనిచేసే సహాయకుల జీవనం నిర్మాణం మీదనే ఆధారపడి ఉంటుంది కనుక ఆ ఆవేదన న్యాయమైనదే. పొరుగు రాష్ట్రాల అనుభవం భిన్నమైనది. కర్ణాటకలో 1960ల నుంచి డబ్బింగు మీద అప్రకటిత నిషేధం కొనసాగింది. 2012లో ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే' కన్నడంలో ప్రసారం కాలేకపోయింది. పశ్చిమ బెంగాల్‌లో హిందీ 'మహాభారత్' బెంగాలీ డబ్బింగును కళాకారుల సమాఖ్య అడ్డుకోగా, ఆ వివాదంలో 2017 మార్చి 7న సుప్రీంకోర్టు అటువంటి నిరోధం పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. 2020లో స్టార్ సంస్థ 'మహాభారత్' ధారావాహిక కన్నడంలోకి డబ్బింగై ప్రసారమైంది.

డబ్బింగు నిషేధం ఉన్న కాలంలో కన్నడం పరభాషా కథలకు దూరం కాలేదు. పునర్నిర్మాణాల ద్వారా వాటిని స్వీకరించింది. తెలుగు కూడా క్రమంగా ఆ దారికి వచ్చింది. 2017లో మొదలై అశేష ఆదరణ పొందిన 'కార్తీకదీపం' మలయాళ 'కరుత్తముత్తు'కు పునర్నిర్మాణం. ప్రేమీ విశ్వనాథ్ రెండు భాషల్లోనూ నటించింది. ఫిలిప్పీన్స్‌లో కనిపించిన మూడో దశ ఇక్కడా వచ్చింది. పునర్నిర్మాణం ఉపాధి ప్రశ్నకు సమాధానం చెప్పింది. భాష ప్రశ్నకు మాత్రం చెప్పలేదు.

9. తెర వెనుక గొంతు:

బొమ్మ ఒకటి, గొంతు మరొకటి కావడం అనంతపురానికి కొత్త కాదు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు ప్రసిద్ధి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికయ్యారు. ఇళ్ళలో ఆరె మరాఠీ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా తెర వెనుక నిలిచి తెలుగులో రామాయణ, భారత కథలు ఆడించాయి. బొమ్మ పెదవి కదలదు. అయినా ప్రేక్షకుడు ఆ గొంతును బొమ్మదిగానే స్వీకరిస్తాడు. డబ్బింగును సహజంగా అంగీకరించే మనస్సుకు ఇటువంటి ప్రదర్శన సంప్రదాయం నేపథ్యంగా ఉందని భావించవచ్చు.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు పద్యాల భాషలో మాట్లాడినా, మధ్యలో వచ్చే కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు ఆ ఊరి పలుకులోనే మాట్లాడతారు. ఊళ్ళో సంగతులు ఎత్తిపొడుస్తారు. కథ ఎక్కడిదైనా, ఆ రెండు ఘడియలు తెర ఆ ఊరిది అవుతుంది. డబ్బింగు ధారావాహికలో రాముడు ఉన్నాడు, రావణుడు ఉన్నాడు. కేతిగాడు లేడు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, పరభాషా ధారావాహికల ఆదరణకు చౌక ఒక్కటే కారణం కాదు. ఫిలిప్పీన్స్‌లోనూ, తెలుగునాటనూ జీవిత సామ్యం అందుకు ప్రధాన హేతువు. రెండు, కుటుంబ కథల డబ్బింగులో బంధుత్వ పదాల అనువాదం కేవలం భాషాంతరీకరణ కాదు. అది కథార్థాన్నే మారుస్తుంది. మూడు, డబ్బింగుకూ, నేరు ధారావాహికకూ మధ్య సాగిన వివాదం ఉపాధి చుట్టూ తిరిగిందే గాని, ఏ ప్రాంతపు తెలుగు తెర మీద వినిపించాలన్న ప్రశ్నను స్పృశించలేదు.

డబ్బింగు ప్రతులను సేకరించి భద్రపరచడం, మూలంతో పోల్చి పరిశీలించడం, అజ్ఞాతంగా మిగిలిన డబ్బింగు రచయితల, గాత్రదాతల కృషిని నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పనులు. రాజస్థానీ పలుకుతో నడిచిన కథను రాయలసీమ పలుకులోకి తెచ్చి ఉంటే అది ఎలా వినిపించేదో తెలియదు. ఎవరూ ఆ ప్రయత్నం చేయలేదు. ఒక మెట్టసీమ కథకు మరొక మెట్టసీమ గొంతు దొరికే అవకాశం అలా జారిపోయింది. ధారావాహికలు ఇంకా వస్తూనే ఉన్నాయి గనుక, ఆ ప్రయత్నానికి కాలం మించిపోలేదు.